కట్టు కట్టిన చెయ్యి

జనవరి రెండో వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు ఆ చెక్‌పోస్టులో దిగాను. కాశ్మీరు కొండల్లో ఒక కట్టెల వంతెన. దాని పక్కన రెండు ఇసుక బస్తాల బంకర్లు, ఒక ఇనుప గేటు. మోకాలి దాకా మంచు. పుత్తూరు ఎండలో పెరిగిన ఒంటికి నాలుగు పొరల బట్టలు కూడా చాలలేదు.

డ్యూటీ పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా. హవల్దారు ఆర్డరు ఒకటే: ముందు చేతులు చూడు, తర్వాత సంచి, ముఖం ఆఖరున.

రేడియో ఆపరేటరు నగరి మగ్గాల ఇంటివాడు. బంకర్లో టీ తాగుతూ నన్ను ఆటపట్టించేవాడు.

"నీది పాలుగారే మొకమప్పా. దొంగోడు గూడా సంచి నీ సేతికే ఇచ్చి పోతాడు."

నాకూ అదే జబ్బు ఉండేది. మంచి ముఖం కనబడితే నా కళ్లు అక్కడే కూర్చునేవి, చేతుల మీదికి దిగేవి కావు.

ఇరవై మూడో రోజు, తొమ్మిదీ పది. తెల్లగడ్డం పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. సంచి విప్పించకుండానే గేటెత్తాను. వెనకే ఇంకొకడు. నుదుటి మీద గాటు, ముడిపడ్డ కనుబొమలు, బిగబట్టిన పళ్లు. కుడి చెయ్యి పొడుగు ఉన్ని అంగీ లోపల ఉంది. చెయ్యి బయట పెట్టమని హిందీలో అరిచాను. పెట్టలేదు.

"నిదానమప్పా," అన్నాడు ఆపరేటరు. "సేతికేమో అయినట్టుండాది, సూడు."

నేను ముఖమే చూస్తున్నాను. అతను తలెత్తి నన్ను చూశాడు. కళ్లు విప్పారాయి, కనుబొమల ముడి సడలింది. లోపలి చేతిని మెల్లగా నా వైపు జరిపాడు. తుపాకీ అనుకున్నాను. మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను.

ఎముక చప్పుడు వినబడింది. అంగీ లోపల చెక్క దబ్బలు, గుడ్డ కట్టు. మా నాయన పుత్తూరులో నలభై ఏళ్లుగా కడుతున్న కట్టు లాంటిదే. విరిగిన చేతివాడు పళ్లెందుకు బిగబడతాడో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

అంబులెన్సు గంటా ఇరవై నిమిషాలకు వచ్చింది. ఈలోపు ఆపరేటరు అతని పక్కన కూర్చుని మాట్లాడించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"నీ మొకం సూసి నమ్మినాడంట. నొప్పుండాదని సూపిద్దామనుకున్నాడంట."

అతను అక్రోటు చెక్క మీద పూలు చెక్కే పనివాడు. మళ్లీ ఉలి పట్టలేదని విన్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పదిహేనేళ్ల సర్వీసు ముగించి ఇల్లు చేరాను. పోయిన వారం శ్రీకాళహస్తి నుంచి ఒకామె మోచెయ్యి విరిగి వచ్చింది. నాయన దబ్బలు సర్దుతూ నన్ను పిలిచాడు.

"కదలకుండా పట్టుకోరా."

ఆమె బెదురుగా నా వైపు తిరిగింది. చూస్తూ ఉండగానే కళ్లు విప్పారాయి.

"నువ్వే పట్టుకోప్పా. నీ మొకం సూస్తే ధైర్నంగా ఉండాది," అంటూ చెయ్యి మెల్లగా నా వైపు జరిపింది.

వంతెన దగ్గర చూసిన కళ్లు అవే. నా చేతులు ముందుకు రాలేదు.