నా ఒక్కదానికే తెలిసిన జవాబు

నాందేడ్‌ల నేను కాలేజీ చదివే రోజులల్ల మా గల్లీ మూలకు నెట్ కెఫే తెరిచిండ్రు. ప్లైవుడ్ అడ్డంపెట్టి చేసిన చిన్న గూళ్లు, ఒక్కోదాంట్ల ఒక కంప్యూటర్. నా మొదటి ఈమెయిల్ ఖాతా అక్కడనే తెరిచిన.

మా ఇంటినిండ మనుషులే. అల్మారకు తాళం ఉండె గాని చెవి దానికే వేలాడుతుండె. మనసుల మాట రాసి దాచుకుందామంటే చోటు లేదు. అందుకని నాకు నేనే మెయిల్ రాసుకునుడు మొదలువెట్టిన. చదువంత మరాఠీల అయింది గనక తెలుగు అక్షరాలు రాకపోతుండె. ఇంట్ల మాట్లాడే తెలుగునే ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టి పంపుతుంటి. పంపంగనే నా ఖాతాలకే అచ్చి పడుతుండె. ఆ వింత చూస్తుంటే నాకు తనివి తీరకపోతుండె.

ఒకరోజు కెఫే నడిపే దాదాను అడిగిన. "దాదా, నేను రాసింది ఈ డబ్బాలనే ఉంటదా?"

"దీంట్ల ఏముండదు. ఎక్కడో పరదేశంల, కంపెనీ దగ్గర ఉంటది."

"వాళ్లు చదువుతరా మరి?"

దాదా నవ్విండు. "నువ్వు రాసేది వాళ్లకేం సమజైతది?"

నాకు ధైర్యమొచ్చింది. పరదేశమోళ్లకు నా తెలుగు రాదు. తెలుగొచ్చిన మా ఇంటోళ్లకు పాస్‌వర్డ్ తెల్వదు. ఇంకేం కావాలె అనుకున్న.

కొన్ని నెలలైనంక ఒకనాడు ఎంత కొట్టినా పాస్‌వర్డ్ పడలే. దాదా అచ్చి చూసి, "ఎవరో మార్చినట్టున్నరు" అన్నడు. భయం కన్న ముందు నాకు ఆశ్చర్యమైంది. నా ముచ్చట్లతోని ఎవరికేం పని పడ్డది?

మరిచిపోయినోళ్ల కోసం ఉండే దారి దాదా చూపిచ్చిండు. పుట్టినరోజు అడిగింది, చెప్పిన. పిన్‌కోడ్ అడిగింది, చెప్పిన. ఆఖరుకు, ఖాతా తెరిచిననాడు నేనే ఎంచుకున్న ప్రశ్న అడిగింది: నీ మొదటి టీచర్ పేరేంది? బళ్లె మాకు చదువు చెప్పిన టీచరమ్మను బాయి అంటుంటిమి; ఆ బాయి పేరు కొట్టంగనే తలుపు తెరుచుకున్నది, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొమ్మన్నది. ఇంత సులువా! ఈ మూడు ముచ్చట్లు తెల్వనోళ్లు మా ఇంట్ల ఎవరున్నరు? అయితే వాళ్లల్ల కంప్యూటర్ నేర్చుకున్నది ఒక్క మా అక్కనే.

అక్కను మా నాందేడ్ జిల్లలనే ఉన్న హిమాయత్‌నగర్‌ల ఇచ్చిండ్రు. అక్కడ బస్టాండ్ పక్కకే ఉన్న కంప్యూటర్ క్లాసుకు పోతుండె. ఆదివారం నేను బస్సెక్కి పోయేసరికి జొన్నరొట్టెలు చేస్తున్నది.

"అక్కా, నా మెయిల్ తెరిచినవా?"

"తెరిచిన" అన్నది, రొట్టె తిప్పుకుంట. "పాస్‌వర్డ్ మరిచిపోతే ఏం చెయ్యాల్నో సారు చెప్పిండు. నీ అడ్రస్ యాదికుంటే కొట్టి చూసిన. బాయి పేరు అడిగింది. నాకు బారాఖడీ, గుణింతాలు నేర్పింది గూడ ఆమెనే గద! చెప్పిన, తీసింది. నేనేమన్న తాళం పలగ్గొట్టిన్నా?"

"అన్ని చదివినవా?"

"చదివిన." ఆమె నా దిక్కు చూడలే. "నేను పోయినంక కిటికీ పక్క మంచం నీ ఒక్కదానిదే అయిందని సంతోషపడ్డవంట గద."

నా మొఖం వేడెక్కింది.

"నాకు గూడ ఇక్కడికచ్చినంక మొదట్ల హాయనిపిచ్చింది" అన్నది అక్క. "నువ్వు నిద్రల తంతవు."

ఇద్దరం పడీపడీ నవ్వినం. నవ్వు ఆగినంక నేనే అన్న, "నన్ను అడుగకపోతివి."

"అడిగితే చూపెడుతుంటివా?"

నిజంగనే ఆలోచించిన. "లేదు."

"గందుకే అడగలే." రొట్టె తీసి పక్కకు పెట్టి అన్నది, "కాని చెల్లె, అది చదువకుంటే బాగుండు. ఇప్పుడు మరిచిపోదామన్నా అయితలేదు."

తిన్నంక ఇద్దరం గోడకు ఆనుకొని కూసున్నం, కొత్త ప్రశ్నకు నా ఒక్కదానికే తెలిసిన జవాబు ఏదన్న దొరుకుతదేమోనని. ఇష్టమైన కూర? అక్కకు తెలుసు. చిన్నప్పుడు పడి దెబ్బ తాకిచ్చుకున్న చోటు? నన్ను ఎత్తుకొని దవాఖానకు ఉరికింది ఆమెనే.

"నాకు తెల్వంది ఏమన్నుంటే చెప్పరాదు" అన్నది.

"చెప్తే తెలుస్తది గద!"

అక్క తల గోక్కున్నది. తర్వాత మెల్లగ అన్నది, "అయినా నిజమే చెప్పాలెనని ఎవరన్నరు? అబద్ధం రాయి. అదేమన్న బడికి పోయి అడిగొస్తదా?"

నాకు ఆ సంగతి అప్పటిదాంక తట్టనే లేదు. బళ్లెనైనా, ఆఫీసులనైనా అడిగిందానికి నిజం చెప్పుడే అలవాటు. మర్నాడు నాందేడ్‌కు అచ్చి బాయి పేరు తీసేసి, బాయికి, నాకు, ఎవరికీ సంబంధం లేని మాటొకటి రాసిన. పాస్‌వర్డ్ గూడ మార్చిన.

ఆ ఎండాకాలం సెలవులకు అక్క మా ఇంటికచ్చింది. తనకు గూడ ఒక ఖాతా కావాలన్నది. కెఫేకు తోల్కపోయి పేరు రాసేదాంక పక్కన కూసున్న. ప్రశ్న అచ్చే జాగకు రాంగనే తెర మీద చెయ్యి అడ్డంపెట్టింది.

"నువ్వు జర బయట నిలవడు" అన్నది.

బయట దాదా ఇచ్చిన చాయ్ పట్టుకొని నిలవడ్డ. ప్లైవుడ్ అవతల టకటక సప్పుడు షురువైంది. ఖాతా తెరుచుడు అయిపోయి ఉండాలె, అయినా ఆ సప్పుడు ఆగలే. అంత సేపు ఏం రాస్తుందో, ఎవరికి రాస్తుందో తెలుసుకోవాల్నని నాకు ఒకటే ఆరాటం. అక్క బయటికచ్చినంక మాత్రం అడగలే. చాయ్ చల్లగైందని దాదాతోని ఇంకొకటి చెప్పిచ్చిన.