నమిలిన బియ్యం

గొడవలు ముదిరిన ఆ ఎండాకాలం హైదరాబాదులో మా కాలేజీ మూసేసి అందరినీ ఇళ్లకు పంపారు. దేశానికి నా వల్ల జరగాల్సిన మేలేమిటో తెలియక, నేరేడుచర్ల దగ్గరున్న మా ఊరికి వచ్చి మేనత్త చేతి వంట తింటూ కూర్చున్నాను. ఊరికి కాపలా ఉండాల్సిన పోలీసు పటేల్ పెళ్లాం పిల్లలతో కోదాడ దాటి ఎప్పుడో వెళ్లిపోయాడు. సూర్యాపేట ఠాణాలో జవాన్లు ఇసుక బస్తాల వెనక కూర్చుని తమను తాము కాపాడుకుంటున్నారు. అంటే మా ఊళ్లో సర్కారు లేదు. గొర్రెల దొడ్డి కాలిందాకా ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

దొడ్డి ఊరి గొల్ల పెద్దాయనది. తెల్లవారేసరికి ఒక్క గొర్రె మిగల్లేదు. ఆ వాసన అన్నంలోకి కూడా వచ్చింది. మధ్యాహ్నానికల్లా నేరస్థుడు దొరికాడు: ఊరూరూ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మనిషి. ముందురోజు దొడ్డి పక్కనే కొలిమి పెట్టుకున్నాడు. అది ఒక సాక్ష్యం. కోదాడ అవతలి వాడు కావడంతో మాట చివర ‘అండి’ అంటాడు. అది రెండోది. ఊరికి రెండోదే గట్టిగా కనిపించింది.

“కొలిమిలో నీళ్లు పోసే పడుకున్నానండి. మీ పిల్లల మీద ఒట్టండి,” అన్నాడతను.

“మా పిల్లల మీద ఒట్టేంది? నీకు లేరా?” అంది మా అత్త.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అరవలేదు కూడా. ఒక్కొక్కరే వెళ్లి ముళ్లకంప తెచ్చి కాలిన దొడ్డి చుట్టూ పేరుస్తున్నారు. తెమ్మని చెప్పినవాళ్లు లేరు. పెళ్లిపందిరి వేస్తున్నంత ఒద్దికగా సాగుతోంది పని. ఒక ముసలామె వంకరగా పడిన కొమ్మను సర్ది, దూరం నుంచి ఒకసారి చూసుకుని, తృప్తిగా పక్కకు తప్పుకుంది.

గొల్ల పెద్దాయన బూడిద అంచున కూర్చుని చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు. కన్నీళ్లు మీసాల మీదుగా నోట్లోకి దిగుతున్నా తుడుచుకోవడం లేదు. “నా గొర్లు ఎట్ల సచ్చినయో వీడు గట్లనే సావాలె. నాకింకేం వద్దు,” అన్నాడు. ఆయన్ను చూస్తే ఎవరికైనా న్యాయంగానే తోస్తుంది. నాకూ తోచింది. అందుకే భయమేసింది.

“విచారణ జరగాలి,” అన్నాను. కాలేజీలో ఈ మాట ఇంకా గంభీరంగా వినిపించేది.

తేలుమంత్రంతో మిర్యాలగూడ దాకా పేరు తెచ్చుకున్న పెద్దమనిషి ముందుకొచ్చాడు. “గంతేనా పటేలా? బియ్యం పెడదాం,” అన్నాడు నాతో. మా ఇంటి మగవాళ్లందరికీ ఊళ్లో అదే పిలుపు.

మంత్రించిన బియ్యం నమిలి ఆకులో ఉమ్మాలి. తప్పు చేసినవాడి నోరు ఎండిపోయి బియ్యం పొడిగా రాలుతుంది. అదీ మా ఊరి పద్ధతి. కళాయి మనిషి నమిలాడు. ముగ్గు రాలినట్టు రాలింది.

“సూసిండ్రా!” అన్నారు. అతని చేతులకు అప్పటికే ఉన్న తాడు పట్టుకుని కంప వైపు లాగారు.

“భయపడ్డా నోరెండుతుంది. అందరం నములుదాం,” అన్నాను.

“మాకేం భయం, పటేలా?” అన్నాడు మంత్రం పెద్దమనిషి.

“భయం లేకపోతే నమిలితే పోయేదేముంది?”

మా అత్తే మొదట దోసిలి పట్టింది. “తే. సదువుకున్న నోరు ఎంత తడున్నదో గది గూడ సూద్దాం.”

మిట్టమధ్యాహ్నం ఊరంతా నిలబడి బియ్యం నమిలింది. గాలి లేదు. కాకి లేదు. దవడల చప్పుడొక్కటే. కళ్లు మూసుకుంటే మంద నెమరు వేస్తున్నట్టే ఉంది. గొల్ల పెద్దాయన ఉలిక్కిపడి ఖాళీ దొడ్డి వైపు చూశాడు. ఆ చూపు తర్వాత నాకు మింగడానికి కూడా ఉమ్మి లేకపోయింది.

ఆకుల్లో ఉమ్మాం. నాది పొడి. అత్తది పొడి. కంప సర్దిన ముసలామెది పొడి. మంత్రించినాయనది అందరికంటే పొడి. ఒక్క గొల్ల పెద్దాయన ఆకులోనే బియ్యం ముద్దగా పడింది. అంతసేపూ కన్నీళ్లు నోట్లోకి దిగుతూనే ఉన్నాయి కదా.

ఆయన లేచి ఒక్కో ఆకూ వంగి చూశాడు. ఒక్కో మొహమూ చూశాడు.

“అంటే, ఊరంత గలిసి కాలవెట్టిండ్రా?”

“జర మంత్రం ఎక్కువ పడ్డట్టున్నది,” అన్నాడు మంత్రం పెద్దమనిషి.

గొల్ల పెద్దాయన అది విన్నట్టు లేదు. పేర్చిన కంపను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. “గీ కంప అందరికి సాలదు,” అన్నాడు మెల్లగా. దగ్గరికి వెళ్లి కళాయి మనిషి చేతి కట్లు తనే విప్పాడు.

“వెళ్లొస్తానండి,” అన్నాడతను, అలవాటు కొద్దీ.

“రాకు బిడ్డా. గీ ఊరోళ్లు మంచోళ్లు గాదు.”

నిప్పు ఎవరు పెట్టారో, అసలు ఎవరైనా పెట్టారో లేదో, ఈరోజుకీ తెలియదు. ఆ కంపను పొయ్యిలోకైనా ఎవరూ తీసుకుపోలేదు. రోజూ పొద్దుగూకే వేళ పెద్దాయన దాని పక్కన నిలబడి, లేని మందను ఇంటికి పిలిచేవాడు. కోపం లేదు ఆ గొంతులో. ఎప్పుడూ పిలిచే పిలుపే. పిలిచి, అవి లోపలికి నడిచేంతసేపు ఆగి, ఊరి వైపు తిరిగి చూసేవాడు.

ఆ పిలుపు వినగానే అత్త చేస్తున్న పని ఆపి, కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచుకుని తాగేది. తాగి, చెంబు నాకు అందించేది. ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు.