లక్ష పత్రికి కోయని కొమ్మ

కల్వకుర్తిలో మా అత్తగారింటి పెరట్లో ఒక మారేడు చెట్టు ఉండేది. వానలు వెనుకబట్టి ఎండ పలుచబడిన రోజుల్లో దాని కింద నిలబడితే, ఆకుల నడుమ నుంచి దిగే వెలుతురు నీళ్లలాగ కదిలేది. శివునికి పత్రి కోయడానికి పోయి, కోసేది మరిచి, అట్లనే నిలబడిపోయేదాన్ని. ఇప్పటికీ కండ్లు మూసుకుంటే ముందు ఆ వెలుతురే వస్తది. మనుషులు తరువాత వస్తరు.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా బాపే ఇంట్లో ఇసుక పోసి అక్షరాలు దిద్దించిండు, పద్యాలు చదివించిండు. పొద్దున దీపం పెట్టేటప్పుడు దేవునితో పాటు ఆయనకూ ఒక దండం పెట్టుకుంట.

మా పక్కింట్లోకి బళ్లో సైన్సు చెప్పే సారు కిరాయికి వచ్చిండు. ఆ చుట్టుపక్కల కనపడే సీతాకోకచిలుకలు, దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులు, అన్నిటినీ రాసిపెట్టడం ఆయనకు ఇష్టం. ఎవరూ చెప్పిన పని కాదు, జీతం లేదు. ఒక్కడు ఎన్ని పెరళ్లు తిరుగుతడు? అందుకని వాడకట్టు ఆడవాళ్లనే సాయం అడిగిండు.

"మీ పెరట్ల మీరు చూసేది నాకు కనపడదు చెల్లె. ఏ చెట్టు మీద గుడ్డు పెట్టింది, పురుగు ఎట్లున్నది, రెక్కలొచ్చినంక ఏ రంగున్నది, మొదటి నుంచి కడదాక చూసి చెప్పుండ్రి. నడుమల విడిస్తే నేను రాయలేను."

కొందరు కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన్రు. "పంటకు కాపలా చూసినం గాని, పురుగులకు కాపలా ఏంది సారూ?" అన్నరు. మగ్గం నేసే ఇంటి వదిన మాత్రం ఆముదం చెట్లు చూస్తనన్నది. నేను మారేడు చెట్టు ఒప్పుకున్న. నిమ్మ చెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోక మారేడు మీద కూడా పెడ్తదని సారు అనుకుంటున్నడు గాని, మా దిక్కు ఎవరూ కడదాక చూసి చెప్పలేదట.

ఆ యేడే మా ఆయనకు విడువని జ్వరం పట్టుకున్నది. దవాఖానలో మందులు పోసిన్రు. అత్తమ్మ మాత్రం మంచం పట్టె మీద చెయ్యి పెట్టి, "నా కొడుకు లేచి కూసుంటే, కార్తీకంల నీకు లక్ష పత్రి పూజ చేయిస్త శివయ్యా" అని మొక్కింది. జ్వరం దిగింది. ఆయన లేచి కూచొని జొన్న గటక తాగిన పొద్దు, నేను పెరట్లోకి పోయి మారేడు మొదలు పట్టుకొని ఏడ్చిన. ఆ సంతోషంలో తల పైకెత్తితే, పసుపు మచ్చల నల్ల సీతాకోక ఒకటి లేత ఆకులకు తోక ఆనించి ఆనించి లేచిపోతున్నది. ఆకు తిప్పి చూస్తే గసగస గింజంత గుడ్డు.

గుడ్లు పగిలి వచ్చిన పురుగులు మొదట పిట్ట రెట్టలాగ ఉండేవి. పోను పోను పచ్చబడి, ఆకులో ఆకై పోయినయి. వంట నడుమ చెయ్యి కడుక్కొని పోయి చూసి వచ్చేదాన్ని. నేను చూస్తున్నానో, కల కంటున్నానో నాకే తెలిసేది కాదు.

కార్తీకం వచ్చింది. లక్ష ఆకులంటే మాటలా? మా చెట్టే కాదు, ఊళ్లో ఉన్న మారేడు చెట్లన్నీ దూసినా చాలుతదో లేదో. తూర్పు కొమ్మ మీద నా పురుగులు ఇంకా మేస్తనే ఉన్నయి. చెట్టు దూస్తే అవి ఆకలితో చస్తయి. ఒక్క కొమ్మ విడిచినా మొక్కు తక్కువైతది. ఆ మొక్కు నా పసుపు కుంకుమల కోసం మొక్కింది. ఏమని నోరు తెరుస్త?

పత్రి కోసే రోజు వాడకట్టంతా మా పెరట్లో కూచున్నది. చిల్లు పడ్డ ఆకు, రెమ్మ విరిగిన ఆకు దేవునికి పనికిరాదు. మూడు రేకులు నిండుగ ఉన్నవే తీస్తున్నరు. అత్తమ్మ తూర్పు కొమ్మ మీద చెయ్యి వేసి, ఉలిక్కిపడి వెనక్కి తీసింది. ఆమె వేలు తగిలి పచ్చ పురుగొకటి తల వెనుక నుంచి ఎర్రగ, రెండు పాయల కొమ్ము బయటికి తీసింది. నిమ్మపులుపు వాసన కొట్టింది. అత్తమ్మ నన్ను కేకేసింది.

"ఓ పిల్లా, ఇటు రా! శివుని ఆకు తినుకుంట విష్ణువు నామం చూపెడ్తాంది, ఎంత టక్కరిదే ఇది!"

అందరూ పక్కలు పట్టుకొని నవ్విన్రు. ఆ నవ్వుల్లోనే నాకు ధైర్యం వచ్చింది. "అత్తమ్మా, అవి నేను చూస్తున్న పురుగులు. రెక్కలొచ్చేదాక గా ఒక్క కొమ్మ విడువరాదా?" అన్న.

నవ్వులు ఆగినయి. అత్తమ్మ నన్ను చూసింది, పురుగును చూసింది. "మారేడాకుకు ఒకసారి పూజకు వాడినదన్న దోషం లేదు, కడిగి మళ్ల పెట్టొచ్చునని మా అవ్వ అనేది. అట్లయితే ఒక్క కొమ్మ విడిచినా లెక్క నిండుతది, అయ్యగారిని అడుగుదాం" అన్నది.

గుడి అయ్యగారు గడ్డం గోక్కున్నడు. "శాస్త్రంల ఉన్నది నిజమే. గాని అన్ని ఆకులు కడిగేటోళ్లెవరమ్మా?"

"గీ పురుగుల తల్లి ఉన్నది గద" అని అత్తమ్మ నా దిక్కు గదుమ ఎత్తింది.

పూజ రోజుల్లో నేను గుడి వెనుక గంగాళం ముందు కూచున్న. లోపల నుంచి మంత్రం వస్తాంటే, శివుని తల మీది నుంచి దిగిన ఆకులు నా చేతుల్లోకి వచ్చేవి. నీళ్లలో ముంచి తీస్తే మళ్లా పొద్దున కోసినట్టుండేవి. చేతులు నాని తెల్లబడినయి. నేను కడుగుతున్నది ఆకునా, మా ఆయన ఒంటి వేడినా, నా మనసునా? నీళ్ల చప్పుడులో అన్నీ ఒకటే అయినయి.

నడుమ ఒకనాడు ఆయన ఒళ్లు మళ్లా జర వెచ్చబడ్డది. చూడవచ్చిన ఎదురింటామె, "కొమ్మ దాసుకున్నరు గద" అని గొణిగి పోయింది. అత్తమ్మ పెరట్లోకి నడిచింది. నేను తలుపు దగ్గర నిలబడిపోయిన. ఆమె తూర్పు కొమ్మను కిందికి వంచి పట్టుకొని చాలాసేపు చూసింది. అప్పటికి మిగతా పురుగులను కందిరీగలు ఎత్తుకపోయినయి. ఒక్కటి మాత్రం రెమ్మకు ఒరిగి, నడుముకు దారం కట్టుకొని, పచ్చని గూడై నిద్రపోతున్నది. ఆమె కొమ్మ తుంచుతదనే అనుకున్న.

ఆమె కొమ్మను మెల్లగ విడిచింది. "నా కొడుకును ఇచ్చినోడు గింత ప్రాణం కోసం అలుగడు. పోయి వాని నుదురు మీద తడిబట్ట వెయ్యి" అని లోపలికి వచ్చింది. తెల్లారేసరికి ఆయన ఒళ్లు చల్లబడ్డది. ఎందుకు వెచ్చబడ్డదో, ఎందుకు చల్లబడ్డదో నాకు తెలియదు. తెలియని దానికి దండమే పెట్టిన.

పూజ ముగిసినంక ఒక పొద్దున గూడు నల్లబడి, లోపలి పసుపు మచ్చలు కనపడ్డయి. అత్తమ్మను కేకేసిన. ఆమె కొడుకు భుజం పట్టుకొని నడిపించుకొచ్చి ఎండలో కూచోబెట్టింది. గూడు పగిలి, పిండిన బట్టలాగ ముడతలు పడ్డ రెక్కలతో అది బయటికి వచ్చి రెమ్మకు వేలాడింది. రెక్కలు మెల్లమెల్లగ, ఎవరో లోపలి నుంచి మడతలు విప్పుతున్నట్టు, విచ్చుకున్నయి. ఒకసారి వణికి గోడ మీదికి, గోడ మీది నుంచి ఎండలోకి పోయింది.

సారు పాలమూరుకు పోయి ఉండె, ఆయన చూడలేదు. సాయంత్రం వచ్చి గోడవతల నిలబడి, "కడదాక చూసినవా చెల్లె? రెక్కలు పూర్తిగ విచ్చేదాక?" అని అడిగిండు.

నేను జవాబు చెప్పేలోపలనే అత్తమ్మ చేతిలో చీపురు కింద పెట్టి గోడ దగ్గరికి పోయింది.

"చూసినం సారూ. నేనూ చూసిన. రాసుకో."

సారు అక్కడనే, గోడ మీద కాగితం పెట్టుకొని రాసిండు.