పెద్ద చుక్క పక్కన నాలుగు చుక్కలు

సంఘంలో కూర్చున్న సహోదరులారా, నేను అనంతగిరి కొండ మీద సామలు, రాగులు పండించుకునే మనిషిని, చదువు రాదు, అయినా ప్రభువు నా యెడల చేసిన కార్యం చెప్పక ఉండలేక నిలబడ్డాను.

ఒక్క వానాకాలంలోనే చలిజ్వరం నా ఇద్దరు కొడుకులనూ తీసుకుపోయింది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఇది కూడా పోతుందన్న భయంతో దానికి పేరు పెట్టనివ్వలేదు, పాలిచ్చేటప్పుడు ముఖం తిప్పుకునేదాన్ని, పాలు తాగగానే అత్త చేతిలో పెట్టి పొలానికి పోయేదాన్ని. "గుంటని ఒక్కపాలి సూడవే" అని అత్త ఏడ్చేది.

ఒక సాయంత్రం చీకటి పడగానే మిషను బడి పంతులుగారు బడి ముందు ఇత్తడి దుర్భిణి నిలబెట్టి గూడెమంతటినీ పిలిచారు. పిల్లనెత్తుకున్న అత్త వెంట నేనూ వెళ్లాను గాని, మనసు ఆగక అడిగేశాను.

"నా కొడుకులు పోయినప్పుడు మీ దేవుడు ఏటి సేత్తన్నాడు బాబూ? కనబడనోడిని ఎలాగ నమ్మేది?"

ఆయన కోపపడలేదు. "ఎందుకు పోయారో నాకూ తెలీదమ్మా. ఓపాలి ఇందులో సూడు" అన్నారు.

తూర్పు కొండ మీది పెద్ద చుక్క ఆ గొట్టంలో చిన్న పళ్లెంలా గుండ్రంగా కనబడింది, దాని పక్కన వరుసగా నాలుగు చిన్న చుక్కలు! కన్ను తీసి ఆకాశం చూస్తే అవి లేవు, మళ్లీ ఆనిస్తే ఉన్నాయి.

"ఇవి ఇప్పుడొచ్చినాయా బాబూ?"

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయమ్మా. మన కంటికి అందలేదంతే."

నా కంటికి అందనంత మాత్రాన నా బిడ్డలను ఎత్తుకున్న దేవుడు లేకుండా పోడని తెలిసి అక్కడే నేల మీద కూలబడ్డాను. "ప్రభువా, నువ్వు నాకు అవుపడవు, అయినా ఉన్నావు. నా కొడుకుల్ని నీకాడే ఉంచుకో. ఈ గుంటని ఎత్తుకునే ధైర్నం నాకియ్యి" అని ప్రార్థించి, అత్త చేతిలోని పిల్లను అందుకుని మొదటిసారి దాని ముఖం నిండుగా చూశాను, కరుణమ్మ అని పిలిచాను.

మరుసటి వానాకాలం కరుణమ్మకూ అదే జ్వరం వచ్చింది. ఈసారి నేను పారిపోలేదు. పంతులుగారిచ్చిన క్వినైను చేదుకు ఉమ్మేస్తుంటే తేనెలో కలిపి దాని నాలుక మీద రాస్తూ, మూడు రోజులు ఒడిలోంచి దించకుండా ప్రార్థించాను. నాలుగో రోజు ఒళ్లంతా చెమట పట్టింది, జ్వరం దిగింది, కళ్లు తెరిచి "అమ్మా" అంది. దేవునికే మహిమ.

నా కొడుకులు తిరిగి రాలేదు, ఆ దుఃఖం ఇంకా ఉంది, కాని భయం నన్ను విడిచిపోయింది. మీలో ఎవరైనా నాలాగే ముఖం తిప్పుకుని బతుకుతుంటే, ఆయన కనబడే దాకా ఆగకండి, చీకట్లోనే పిలవండి. ఆయన వింటాడు.