బేసిన్‌లో ఎడారి

నా చిన్నప్పుడు, నర్సీపట్నంలో మా ఇంటి వాకిట్లో కొన్నాళ్ళు ఎడారి ఉండేది. అడుగున చిల్లులు పొడిచిన పాత రేకు బేసిన్, అందులో ఇసుక, అంతే. మిలట్రీలో పనిచేసే మా చిన్నాన్న రాజస్థాన్ నుంచి సెలవు మీద వస్తూ ట్రంకుపెట్టెలో మూటగట్టి తెచ్చాడు. ఊరెళ్ళినవాళ్ళు మిఠాయిలు తెస్తారు గానీ ఇసుక తెస్తారా అని మా మామ్మ నెత్తి కొట్టుకుంది.

ఆ ఇసుక మా పిన్ని కోసం. ఆవిడ కొత్తగా పెళ్ళయి ఎస్. రాయవరం నుంచి వచ్చింది, వరి చేలూ చెరుకు తోటల మధ్య పెరిగిన మనిషి. చిన్నాన్నకి అక్కడ క్వార్టర్ ఇచ్చారని, ఈసారి ఆవిణ్ణి వెంట తీసుకెళ్ళాలని ఒకటే ఆశ. ఆవిడేమో ససేమిరా అంది.

"పచ్చటాకు కంటపడని సోటుకి నాను రాలేనండీ," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చిన్నాన్న వాదించలేదు. ఈ ఇసుక మీద ఒక్క వాన పడనిమ్మన్నాడు. ఏమీ మొలవకపోతే తానొక్కడే వెళ్తానన్నాడు. నూతి నీళ్ళు పోస్తానని నేనంటే ఒప్పుకోలేదు. అక్కడ ఏడాదంతా కాచుకుంటే గట్టి వానలు ఏ ఒకటో రెండో పడతాయట. ఆ కాస్త వానకే గుంటలు నిండి, గడ్డి లేచి, గొర్రెలూ ఒంటెలూ కడుపునిండా మేస్తాయట. జనం తాగునీళ్ళు తొట్లలోకి పట్టి దాచుకుంటారట. చెబుతుంటే ఆయన కళ్ళు మెరిసేవి. మాకేమో ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. సెలవు కరిగిపోతుంటే చిన్నాన్న మొహం చూడలేకపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఏజెన్సీ కొండల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి కుండపోత మొదలైంది. ఇసుక చిమ్మి బయటికి పోతోంది. చిన్నాన్న పరుగెత్తి, బేసిన్ చుట్టూ చేతులు అడ్డంపెట్టి వానలోనే గొంతుక్కూర్చున్నాడు.

"జొరమొస్తాదండీ, బేగి లోపలికి రండి!" అని పిన్ని గుమ్మంలోంచి అరిచింది.

ఆయన కదల్లేదు. చివరికి ఆవిడే గొడుగు తీసుకుని వెళ్ళింది. గొడుగు ఆయన నెత్తిన పట్టిందే గానీ బేసిన్ మీదికి రానివ్వలేదు.

వాన వెలిశాక మామ్మ అటూ ఇటూ చూసి, కొంగు చాటున తెచ్చిన పిడికెడు మెంతులు ఇసుకలో కలిపేసింది. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టింది. కొడుకూ కోడలూ చెరోచోట ఉంటారేమోనని ఆ తల్లి దిగులు.

కొద్దిరోజులకే బేసిన్ పచ్చబడింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మామ్మే. పిన్ని వంగి ఒక మొలక తుంచి వాసన చూసింది.

"మెంతికూర నానెరగనా అత్తా?" అంది.

మామ్మ కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది. చిన్నాన్న మొహం తిప్పుకున్నాడు. ఇక అయిపోయిందనుకుని నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం నవ్వాపుకుంటూ, పప్పులోకైనా పనికొస్తాయని మొలకలు ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆపేసింది. అడుగున, ఇసుకని కరుచుకుని, గోరంత మొలక ఒకటి. రెండే ఆకులు, మందంగా ఉన్నాయి. వాళ్ళ పొలాల్లో అలాంటిది ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"ఇదేటండీ?"

"పేరు నాకూ తెలీదు. వానొస్తే అక్కడ ఎక్కడ సూసినా ఇదే," అన్నాడు చిన్నాన్న.

పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. "అయితే అక్కడోళ్ళనడిగి నానే కనుక్కుంటాను," అంది. మామ్మ ఆనందం పట్టలేక ఏడ్చేసింది. మెంతుల సంగతి మాత్రం పోయేదాకా ఒప్పుకోలేదు.

ఇప్పుడు నేనే మామ్మనయ్యాను. మా డాబా మీద కుండీ ఎండిపోతే మట్టి పారబొయ్యనివ్వను, ఒక్క వాన పడనివ్వమంటాను. మా చిన్న మనవరాలు రోజూ తొంగిచూస్తుంది. చాలాసార్లు ఏదో ఒకటి మొలుస్తుంది. ఒక్కోసారి ఏమీ మొలవదు. అప్పుడు నేను అటూ ఇటూ చూసి, పిడికెడు మెంతులు చల్లేస్తాను.