తిరగేసిన కార్డు

నా జీపు కిరాయికి తీసుకునే చమురు కంపెనీ సారుకు ఒక అలవాటుండేది. పినపాక దాటి అడవి ఊళ్లలోకి రాగానే మెడలోని కంపెనీ కార్డును తిరగేసుకునేవాడు. అడిగితే, "గాలికి తిరుగుతుందయ్యా" అనేవాడు. ఆకు కదలని రోజు కూడా అదే మాట.

తాను వదిలే పొగకు బదులుగా కంపెనీ అక్కడ మొక్కలు నాటించింది. చోటు కోసం ఇప్పచెట్లు కొట్టించింది. నాటే రోజు ఒక కోయ ముసలమ్మ సారును నిలేసింది.

"పండుగ చెయ్యకుండ మేం ఒక్క ఇప్పపువ్వు గూడ ఏరం సారూ. మీరు చెట్లనే కొట్టిర్రు. ఎవల్నడిగిర్రు?"

సారు నేల చూశాడు. నాకూ తలెత్తబుద్ధి కాలేదు. అంతలో ఫొటో అతను పిలిచేసరికి, సారు మొక్క పట్టుకుని నవ్వాడు.

ఆ ఫొటోనే ఇప్పుడు పాల్వంచ రోడ్డు మీద పెద్ద బోర్డు. సారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మెడలో కార్డు మాత్రం తిరగేసే ఉంది.