గంటమ్మ విప్పని సంచి

చెత్త లారీలన్నీ చేరే యార్డు గేటు దగ్గర, భర్త పోయాక ఆయన కుర్చీలోనే పదకొండేళ్లుగా కూర్చుంటోంది ఆమె. లోడులో రేడియేషన్ ఉంటే గేటు మీటరు గంట కొడుతుంది. గంట మోగితే ఆమె సరేననేదాకా లారీ కదలకూడదు. అందుకే అందరికీ గంటమ్మ అయింది.

ఆ ఉదయం మోగింది. చేతి మీటరుతో గాలించి, పొడవాటి కొక్కెంతో ఒక నల్లసంచిని పక్కకు లాగారు.

"విప్పించు పిన్నీ! అడ్రసున్న కాగితం ఏదో ఒకటి దొరక్కపోదు. ఆ ఇంటిముందు నిలబడి దులిపేస్తా. గంటన్నర ఆగిపోయాను!" అన్నాడు లారీ డ్రైవరు.

"నీ నోటికి తాళం వెయ్య! థైరాయిడ్‌కి రేడియేషన్ ఉన్న మందు మింగి ఇంటికొచ్చిన మనిషి తుడుచుకున్న కాగితాలవి. నువ్వెళ్లి వీధిలో అరిస్తే రేపట్నుంచి ఆ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

ఆమెకు తెలుసు. తన తోడికోడలు ఆ మందే మింగింది. డాక్టర్లు ఇక భయం లేదన్న తర్వాత కూడా, ఇరుగుపొరుగు ఆమె చేతి మంచినీళ్లు ముట్టలేదు.

సంచిని దూరంగా ఉన్న డ్రమ్ములో వేయించి, లారీని లోపలికి పంపి, గంటమ్మ ఆసుపత్రికి ఫోను చేసింది. ఆ మందు ఇచ్చేది ఊళ్లో అదొక్కటే.

"పేషెంటు ఇంటికెళ్లాక చెత్తతో మాకు సంబంధం లేదమ్మా," అన్నాడు అక్కడి రేడియేషన్ భద్రతా ఆఫీసరు.

"పంపేటప్పుడు దాన్నేం చెయ్యాలో చెప్పారా బాబూ?"

"కాగితం ఇస్తాం... అందులో చెత్త సంగతి లేదనుకుంటా."

"బాగుంది. విందు మీ ఇంట్లో, అంట్లు మా ఇంట్లోనా?"

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మధ్యాహ్నానికి మందపాటి పెట్టె పట్టుకుని స్వయంగా వచ్చాడు.

"మా దగ్గర ఎనభై రోజులు తాళంలో పెడితే ఉత్త చెత్తే అయిపోతుంది," అని, పేషెంట్ల కాగితం తీసి, "ఏం రాయమంటారు?" అని అడిగాడు.

"మూతున్న డబ్బాలో విడిగా ఉంచండి, వీధి డబ్బాలో వెయ్యకండి, చోటు లేకపోతే ఫోను చెయ్యండి, మేమే వచ్చి తీసుకెళ్తాం. ఆ చివరి మాట మింగెయ్యకండి, మీదే బాధ్యత అని వాళ్లకి తెలియాలి."

మింగకుండానే రాసుకున్నాడు. సంచి విప్పకుండానే వెళ్లిపోయింది.

రెండో ట్రిప్పుకొచ్చిన డ్రైవరు ఊరుకుంటాడా! "ఎవరిదో తెలిసిందా పిన్నీ?"

"తెలిసింది."

"ఎవరిది?"

"జబ్బు నయమవుతున్న మనిషిది. బండి తియ్యి, వెనక మూడున్నాయి."

గంట మోగలేదు. గంటమ్మ కుర్చీని నీడలోకి జరుపుకుని, తీరిగ్గా అన్నం డబ్బా విప్పింది.